పూలమ్మ సీడీకి పేరు కొట్టిన లింగమూర్తి

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో స్టీలు సామాన్ల దుకాణాల వరస ఒకటుంది. ఆ వరసలో ఒక దుకాణం మెట్ల మీద గోనెపట్టా పరుచుకొని, ఒడిలో గిన్నె, చేతిలో మిషను పెట్టుకొని ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి లింగమూర్తి. మిషనంటే రైలింజనేం కాదు. లావుపాటి పెన్నంత ఉంటుంది. ముందు సూది, వెనక కరెంటు వైరు. స్విచ్చి వేస్తే డబ్బాలో పడ్డ కందిరీగలాగ జుయ్యిమంటుంది. ఆ సూదితో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టడమే ఆయన పని.

పని చిన్నదే. కానీ దాని గురించి లింగమూర్తి చెప్పే మాటలు ఎత్తాలంటే బొగ్గు లారీలు సరిపోవు. పొద్దుతిరుగుడు గింజ మీద ఒకాయన ఇంటిపేరు, సొంత పేరు, గని పేరు, షిఫ్టు పేరు కొట్టినా ఇంకా జాగా మిగిలితే రెండు మల్లెపూలు కూడా చెక్కాడట. కోడిగుడ్డు మీద పేరు కొడితే, ఆ గుడ్డు పొదిగి బయటికొచ్చిన పిల్లకు రెక్క మీద అదే పేరు ఉందట. ఎవరో మేనేజరు ఆవులిస్తుంటే ఆయన బంగారు పన్ను మీద పేరు కొట్టేసి, నోరు మూసేలోపల సున్నా కూడా దిద్దాడట. వినేవాళ్లు నవ్వుతారు, లింగమూర్తి నవ్వడు. అదే ఆయన కిటుకు.

బడి సంగతి అడిగినా అంతే. ఏడో తరగతిలో ఆపేశాడు. "బడి నన్ను తీసెయ్యలే, నేనే బడిని తీసేసిన," అనేవాడు.

దసరా ముందర గని కార్మికులకు లాభాల వాటా పడిందంటే ఆయన మెట్ల ముందు నిలబడటానికి జాగా దొరికేది కాదు. కొత్త బిందె కొన్నవాళ్లు, డబ్బాల సెట్టు కొన్నవాళ్లు, రిటైరైన దోస్తుకు ఇత్తడి గంగాళం కొన్నవాళ్లు అందరూ పేరు కొట్టించుకునే పోవాలి. ఎందుకంటే క్వార్టర్ల వరసల్లో గిన్నెలకు కాళ్లుంటాయి. ఒకింట్లో వండిన కూర నాలుగిళ్లు తిరుగుతుంది. కూర అయిపోతుంది, గిన్నె మాత్రం అయిదో ఇంటికి పోతుంది. పేరు కొట్టిన గిన్నె ఒక్కటే, ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. అందుకే అక్కడ ఏ వస్తువు పోతుందని భయం వేసినా, "లింగమూర్తితో పేరు కొట్టియ్యి" అనటం అలవాటు. టార్చిలైటుకు, టిఫిన్ డబ్బాకు, సైకిల్ మడ్‌గార్డుకు, ఒకసారి ఒకాయన కట్టుడు పళ్ల సెట్టుకు కూడా కొట్టాడు. ఈ చివరిది మాత్రం నిజమే.

కిషన్ ఆయనకు ప్రాణస్నేహితుడు. ఎయిటింక్లైన్ కాలనీలో క్వార్టర్, గనిలో పంపు నడిపే పని. పొద్దంతా పంపు మోతలో ఉండి ఉండి గొంతు పెంచి పాడటం అలవాటైన మనిషి. పంపు ఆగితే కిషన్ పాటే నీళ్లను పైకి తోస్తుందని లింగమూర్తి ప్రచారం చేసేవాడు. ఇద్దరూ చుట్టాలేం కాదు, కానీ బావా అంటే బావా అనుకునేవాళ్లు. ఆ లెక్కన కిషన్ భార్య పూలమ్మ లింగమూర్తికి చెల్లె అయింది.

పదహారేళ్ల కిందట కిషన్ అక్క బిడ్డ తిరుమల పెళ్లి జరిగింది. అప్పగింతలప్పుడు మేనమామ కిషన్ మైకు అందుకొని, తనే కట్టుకున్న పాటొకటి పాడాడు. పిల్లను ఎత్తుకొని తిరిగిన రోజుల నుంచి ఆ రోజు దాకా అన్నీ ఆ పాటలో వచ్చాయట. పందిట్లో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వడ్డించేవాళ్లు బకెట్లు కింద పెట్టేశారు. వీడియో తీసిన కామేశ్వరరావు కూడా కెమెరా భుజానికెత్తుకొని కళ్లు తుడుచుకున్నాడని చెబుతారు.

ఆ పాట వినని మనిషి ఒక్కతే. కిషన్ తల్లి ఐలవ్వ. తుంటి ఎముక విరిగి, ఊళ్లో మంచం మీద ఉంది. మనవరాలి పెళ్లికి రాలేకపోయింది.

పెళ్లయిన ఆరు నెలలకు, కార్తీకంలో ఒక పొద్దున, మొదటి షిఫ్టుకు బయల్దేరబోతూ చెప్పులేసుకుంటున్న కిషన్ అట్లనే గడప మీద కూర్చుండిపోయాడు. గుండె. దవాఖానకు చేరేలోపలే అయిపోయింది. నలభై ఆరేళ్లు.

అప్పటికి కిషన్ దగ్గర ఫోనుంది గానీ అది మాట్లాడటానికి తప్ప దేనికీ పనికొచ్చేది కాదు. ఆయన గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఒక్క చోటే. తిరుమల పెళ్లి సీడీల్లో రెండోదాంట్లో, ఆఖరున.

పూలమ్మకు ఆ సీడీ మీద భయం పట్టుకుంది. దాని మీద ఏ రాతా లేదు, తెల్లగా మెరిసే ఉత్త పళ్లెం. కాలనీలో సినిమా సీడీలు కూర గిన్నెల్లాగే ఇల్లిల్లు తిరుగుతాయి. ఒకసారి పక్కింటివాళ్లు కిషన్ పాట వింటామని తీసుకుపోయి, తిరిగి ఇచ్చేటప్పుడు ఏదో దయ్యాల సినిమా ఇచ్చారు. పూలమ్మ మూడు వరసలు తిరిగి, చివరికి ఒక ఇంట్లో టీవీ కింద దాన్ని పట్టుకుంది. మర్నాడే దాన్ని కొంగులో చుట్టుకొని లింగమూర్తి మెట్ల దగ్గరికొచ్చింది.

"అన్నా, దీని మీద మా ఇద్దరి పేర్లు రాసియ్యవా? ఇదిగూడ పోతే నేను బతకను."

"ఇంతేనా? తే ఇటు."

"కామేశ్వరరావు సారు మెత్తటి పెన్నుతోని రాసుకొమ్మన్నడు. ఆ పెన్ను నీకాడ ఉంటదేమోనని..."

లింగమూర్తి మొహం ముడుచుకుంది. ముప్పై ఊళ్ల గిన్నెలు తన చేతి మీదుగా పోతుంటే, ఫొటోలు తీసేటాయన వచ్చి పేరెట్ల రాయాలో చెబుతాడా?

"పెన్నా? పెన్నుతోని రాసింది చెమట చెయ్యి తగిలితే పోతది చెల్లె. మా బావ పేరు పెన్నుతోని రాస్తనా నేను? సూర్యచంద్రులు ఉన్నన్ని దినాలు ఉండేటట్టు కొడత. అది ఎవని ఇంట్లకు పోయినా, నేను కిషన్‌ను, నన్ను మా ఇంట్ల దింపుండ్రి అని మాట్లాడాలె."

"ఏం గాదు గదా అన్నా?"

"కోడిగుడ్డు మీద కొట్టినోన్ని పట్టుకొని ఏం గాదా అంటవేంది?"

పూలమ్మ నవ్వింది. కిషన్ పోయాక ఆమె నవ్వడం లింగమూర్తి చూసింది అదే మొదటిసారి. ఆ నవ్వుకు ఆయన ఇంకా ఉబ్బిపోయాడు.

అజాగ్రత్తగా చేశాడని ఎవరూ అనలేరు. అద్దంలా మెరిసే వైపు గీత పడితే సీడీ ఖరాబవుతుందని ఆయనకు తెలుసు. అందుకే దాని కింద తన కొత్త తువ్వాల నాలుగు మడతలు వేసి, మెరిసే వైపు బోర్లా పెట్టాడు. ఊపిరి బిగబట్టి, సీడీ అంచు వెంట వంపు తిప్పుతూ, కిషన్ అని ఒకవైపు, పూలమ్మ అని ఒకవైపు కొట్టాడు. రెండు పేర్ల నడుమ తీగ, తీగకు ఆకులు, ఆకుల మధ్య చిన్న చిన్న పూలు. బిందెకైతే ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదు. దుకాణంలోకి వచ్చినవాళ్లు కూడా ఆగి చూశారు. పూలమ్మ రెండు చేతులతో దాన్ని అందుకొని కళ్లకద్దుకుంది.

ఆ తర్వాత నాలుగైదు నెలలు ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, తను కూడా వేసుకోలేదు. వేస్తే ఏడుపు ఆగదని బీరువాలో చీరల కింద పెట్టింది. కిషన్ సంవత్సరీకం దగ్గరపడింది. ఆ రోజు చుట్టాలందరి ముందు టీవీ పెట్టి ఆ పాట వినిపించాలని పూలమ్మ అనుకుంది. ముఖ్యంగా ఐలవ్వకు. ముసలామె ఇప్పుడు కర్ర పట్టుకొని నాలుగడుగులు వేస్తోంది. "నా కొడుకు పాట ఇనిపిస్తనంటే నేను జీపుల ఎక్కించుకొనన్న వస్త," అని కబురు చేసింది.

ఇంకా రెండు రోజులుందనగా మధ్యాహ్నం పూట పూలమ్మ లింగమూర్తి ఇంటికి వచ్చింది. భోజనం చేసి అప్పుడే చెయ్యి కడుక్కుంటున్నాడు.

"అన్నా, మా ప్లేయర్ ఖరాబయినట్టున్నది. మీ దాంట్ల ఒకసారి వేసి చూస్త."

లింగమూర్తి భార్య శోభ టీవీ పెట్టింది. సీడీ తిరిగింది. బొమ్మ వచ్చింది. తలంబ్రాలు, ఫొటోలు, చదివింపులు, బంతి భోజనాలు. బంతిలో కూర బకెట్టు పట్టుకొని పోతున్న కిషన్ వీపు, చెమటకు అతుక్కుపోయిన నీలం చొక్కా. అంతవరకూ బాగానే ఉంది. కిషన్ ఇటు తిరగబోతుండగా బొమ్మ గళ్లు గళ్లుగా చీలింది. టీవీలో నుంచి కిర్రు కిర్రుమంటూ గొంతు పిసికినట్టు ఒక చప్పుడు. తర్వాత నీలం తెర.

"ఇగో, మా ఇంట్ల గూడ గిట్లనే, గీన్నే ఆగుతున్నది," అంది పూలమ్మ. "రెండు ప్లేయర్లు ఒక్కతీరుగ ఎట్ల ఖరాబైతయి అన్నా?"

లింగమూర్తి సీడీ బయటికి తీశాడు. అప్పటిదాకా దాన్ని ఆయన ఎప్పుడూ వెలుతురుకు పెట్టి చూడలేదు. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. పళ్లెమంతా మసకగా ఉంది. అంచు వెంట మాత్రం వెలుతురు ఇవతలికి వస్తోంది. కిషన్, పూలమ్మ, తీగ, ఆకులు, పూలు, పొల్లుతో సహా ప్రతి గీతా ఎండలో తెల్లగా వెలిగింది.

ఆయన గబుక్కున చెయ్యి దించాడు.

"లెన్సు... లెన్సుకు దుమ్ము పట్టింది చెల్లె. గీ బొగ్గు దుమ్ముకు ఏ ప్లేయర్ నిలుస్తది? నువ్వు ఫికర్ చెయ్యకు. కామేశ్వరరావు కాడికి తీస్కపోత."

అది ఆయన జీవితంలో చెప్పిన అతి చిన్న అబద్ధం. గొంతు దాటడానికి మాత్రం పెద్దవాటికంటే కష్టపడింది.

కామేశ్వరరావు స్టూడియో చౌరస్తా దగ్గర. వాళ్ల నాన్న భీమవరం వైపు నుంచి కరెంటు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి జ్యోతినగర్‌లో స్థిరపడ్డాడు. కామేశ్వరరావు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా మాట మాత్రం వాళ్ల ఊరిదే. సీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చాలా అందంగా కొట్టారండీ లింగమూర్తి గారూ," అన్నాడు చివరికి. ఎగతాళిగా అనలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

"గటుపక్క ఒక్క గీత గూడ పడలే సారూ. తువ్వాల వేసిన."

"అటుపక్క పడినా ఓర్చుకునేదండీ, అక్కడ మందంగా ప్లాస్టిక్ ఉంటుంది. అద్దం ఉందనుకోండి, ముందు గీత పడితే మొహం కనపడుతుంది. వెనకాల పూత గీకేస్తే? దీనికీ అంతే. మీరు పేరు కొట్టిన వైపే వెండిరేకులాంటి పూత ఉంటుంది. దాని మీద వార్నీషులాంటి పల్చటి పొర, అంతే. మాటా పాటా అంతా ఆ పూతని ఆనుకునే ఉంటాయి."

"మరి మీరే గీ పక్క రాయమంటిరి గదా?"

"రాయమన్నానండీ. మెత్తటి మొన పెన్నుతో, సీడీల కోసం నీళ్ల సిరాతో వస్తుంది చూడండి, దాంతో. బాల్‌పెన్ను కూడా పనికిరాదు, నొక్కితే గాటు పడుతుంది. ఘాటు వాసనొచ్చే మార్కరుతో రాస్తే ఆ మందు మెల్లగా పొరని తినేస్తుంది. కాగితం అంటిస్తే తిరిగేటప్పుడు వణుకుతుంది, పీకితే పూతతో సహా ఊడొస్తుంది." ఆయన సీడీ మధ్య చిల్లు చుట్టూ గాజులా కనబడే ఉంగరం మీద వేలు పెట్టాడు. "అన్నిటికన్నా భద్రమైన చోటు ఇది. ఇక్కడ ఏమీ ఉండదు. ఇక్కడ చిన్నగా రాసుకుంటే ఎవరికీ ఏ నష్టం లేదు."

"గీడ నా మిషన్‌తోని కొడితే?"

"కొట్టకూడదు. కానీ కొట్టినా, బహుశా పాట బతికేదండీ. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది. మొదలు ఇక్కడ, చివర అంచులో. కిషన్ పాడింది చివర్లో కదా."

లింగమూర్తి ఆ ఉంగరం నుంచి తన అక్షరాల దాకా వేళ్లు పెట్టి చూశాడు. రెండు వేళ్ల దూరం. కళ్లు మూసుకొని గింజ మీద పూలు చెక్కుతానన్నవాడు, రెండు వేళ్లు లోపలికి జరగలేకపోయాడు.

"అసలు టేపు ఉంటది గద సారూ?"

కామేశ్వరరావు తల దించుకున్నాడు. "ఆ టేపు మీద ఇప్పటికి ఇంకో రెండు పెళ్లిళ్లు తీశానండీ. అందరం అంతే, టేపులు మళ్లీ వాడతాం. సీడీ ఇచ్చేటప్పుడే నేను పేరు రాసి ఇస్తే ఈ గొడవే ఉండేది కాదు. ముహూర్తాల హడావుడిలో కవర్లో పెట్టి ఇచ్చేశాను." సీడీ తిరిగి ఇస్తూ అన్నాడు, "రెండు కాపీలు చేశాను. రెండోది పెళ్లికూతురి దగ్గర ఉంటుంది. వెళ్లి చూడండి."

తిరుమల అత్తగారిల్లు రామకృష్ణాపూర్‌లో. మర్నాడు పొద్దున్నే లింగమూర్తి మంచిర్యాల బస్సెక్కాడు. మామూలుగా ఆయన బస్సెక్కితే నాలుగు సీట్ల అవతలి వాళ్లకు కూడా వినోదమే. ఆ రోజు కండక్టరు టికెట్ అడిగితే రెండుసార్లు అడగాల్సి వచ్చింది. గోదావరి బ్రిడ్జి మీద బస్సు ఆగితే, కిందికి చూసి మనసులో ఒకటే అనుకున్నాడు. ఆ కాపీ బాగుంటే, ఇంకొకటి తీయించి, కిషన్ పేరు మెత్తటి పెన్నుతో తనే రాయాలి. చెల్లెకు ఏమీ తెలియనక్కర్లేదు.

తిరుమల గడపలోనే కాళ్లకు నీళ్లిచ్చి, కుర్చీ వేసింది. చాయ్ పెట్టింది. సీడీ అడిగితే గలగలా నవ్వింది.

"ఏం జెప్పాలె కాకా! మా ఆయన మా ఇద్దరి ఫొటో సక్కగ గుండ్రంగ కాగితం మీద చేపిచ్చి దానికి అతికిచ్చిండు. చూడ మంచిగనే ఉండె. వానకాలం రాంగనే అది బుడగలు లేసి ప్లేయర్ల ఒకటే గడగడ. నేను నానబెట్టి పీకేసిన. కాగితంతోనే వెండి మొత్తం ఊడొచ్చింది. చూడు."

పోపుల అర మీద నుంచి తీసుకొచ్చి చూపించింది. గాజుబిళ్లలాంటి ఉత్త ప్లాస్టిక్. దాని అవతల ఆమె చేతి గాజులు కనబడుతున్నాయి. నూనె డబ్బా కింద పెడుతోందట, అర మీద జిడ్డు కాకుండా.

"ఇంతకు నీకెందుకు కాకా అది?"

"ఏం లేదు బిడ్డా, ఊకెనే."

"మా మామ పాట పాయెనని రెండు దినాలు ఏడ్చిన. మళ్ల, అత్తమ్మ కాడ ఉన్నది గదా అని దిల్ గట్టి చేసుకున్న. రేపు అందరం కూసొని ఇంటం గదా. అత్తమ్మ కాడిది మంచిగున్నదా?"

లింగమూర్తి గ్లాసు కింద పెట్టాడు. చెప్పేయాలనుకున్నాడు. నోటికొచ్చింది మాత్రం, "ఉన్నది బిడ్డా," అనే.

తిరుగు బస్సులో ఆయనకు ఒక్కటే తెలుస్తూ ఉంది. రేపటి తర్వాత ఇక ఎవరూ ఎక్కడా వెతకడానికి లేదు.

సంవత్సరీకం నాడు కిషన్ క్వార్టర్ ముందు షామియానా వేశారు. కిషన్ ఫొటోకు దండ వేసి, పెద్దలకు పెట్టాల్సినవన్నీ పెట్టారు. భోజనాలకు ముందే పాట వినాలని పూలమ్మ టీవీని వాకిట్లోకి తెప్పించింది. ఐలవ్వను కుర్చీలో అన్నిటికంటే ముందు కూర్చోబెట్టారు. ముసలామె చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని, టీవీ ఇంకా పెట్టకముందే వినడం మొదలుపెట్టింది. పక్కన నేల మీద తిరుమల.

"అన్నా, బాగైందా?" అంటూ పూలమ్మ చెయ్యి చాపింది.

లింగమూర్తి సీడీ ఇవ్వలేదు. అందరికీ వినబడేట్టు అన్నాడు.

"ప్లేయర్ల ఖరాబు లేదు చెల్లె. నేనే ఖరాబు చేసిన. నా మిషన్‌తోని పేరు కొట్టి, బావ పాట మొత్తం చెక్కేసిన."

అంతలో కిషన్‌తో పాటు పంపు దగ్గర పనిచేసిన ఉపేందర్ పక్కున నవ్వాడు.

"మొదలువెట్టిండు! పాటను చెక్కిండట. గా కోడిపిల్ల రెక్క మీదికి ఎక్కిచ్చినవా లింగన్నా?"

షామియానా కింద నవ్వులు పొర్లాయి. ఎవరో, "ఇయ్యాల గూడ గీ మజాకు ఏందిరా, పాట పెట్టు," అన్నారు. ఇంకెవరో, "జల్ది పెట్టు, ముసలవ్వ ఎదురుచూస్తున్నది," అన్నారు. ఏళ్ల తరబడి ఏం చెప్పినా నమ్మినట్టు తలూపిన జనం, ఒక్క నిజానికి తలూపలేదు.

"మజాకు గాదు! అవ్వ మీద ఒట్టు, మజాకు గాదు!"

అయినా ఇంకా ఇద్దరు ముగ్గురు నవ్వుతూనే ఉన్నారు. లింగమూర్తి షామియానా బయటికి నడిచి, సీడీని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. దాని నీడ గుండ్రంగా క్వార్టర్ గోడ మీద పడింది. ఆ నీడ అంచు వెంట కిషన్, పూలమ్మ అని వెలుగు గీతలు, కొంచెం అలుక్కుపోయి కనబడ్డాయి. ఉపేందర్ నవ్వు అక్కడే ఆగింది.

పూలమ్మ గోడ వంక చూసింది. తర్వాత ఆయన వంక చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"మెత్తటి పెన్నుతోని రాయమన్నడు సారు," అంది. "నేను చెప్పిన గద అన్నా."

అంతే. కొంగు బిగించుకొని, విస్తర్లు వెయ్యడానికి లోపలికి పోయింది. తిరుమల లేచి, "నిన్న నన్నడిగితివి, అప్పుడన్న చెప్పకపోతివి కాకా," అని మొహం తిప్పుకొని అత్త వెనకాల వెళ్లింది.

వాకిట్లో ఐలవ్వ మిగిలింది. ఆమెకు అంతా వినబడలేదు గానీ, పాట లేదన్నది అర్థమైంది. కర్రతో నేల మీద తట్టి లింగమూర్తిని దగ్గరికి రమ్మంది. ఆయన వచ్చి కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పోతె పాయె తియ్ కొడుకా. మిషన్ల మాట మిషన్లకు. నువ్వు గా పెండ్లిల ఉన్నవ్ గదా?"

"ఉన్న అవ్వా."

"మావోడు పాడంగ ఇన్నవ్ గదా?"

"ఇన్న."

"అయితె నువ్వే చెప్పు. పాడకు, ఉత్తగ చెప్పు. ఏమని పాడిండు? నా మాట ఏమన్న వచ్చిందా పాటల?"

లింగమూర్తి నోరు తెరిచాడు. ఆ పందిరి గుర్తుంది. మైకు గుర్తుంది. పక్కన నిలబడ్డ తిరుమల పసుపు చీర గుర్తుంది. పాటలో మొదటి చరణం, 'భుజం మీద నువ్వు, తల మీద ఎండ' అనే దాకా గుర్తుంది. తర్వాత ఏమీ లేదు. ఎంత తవ్వినా లేదు. ఆడవాళ్లు ఏడవటం గుర్తుంది గానీ, ఎందుకు ఏడ్చారో గుర్తులేదు.

కల్పించి చెప్పడం ఆయనకు ఎంత సేపు? ఐలవ్వ పేరు పెట్టి, ఆమె గోరుముద్దలు పెట్టి, అప్పటికప్పుడు పది చరణాలు అల్లగలడు. ముసలామె సంతోషంగా ఊరికి పోయి, చచ్చేదాకా వాటినే తలుచుకునేది. ఎదురుగా ఆమె కళ్లు అదే అడుగుతున్నాయి కూడా. ఆయన పెదవి కదిలింది. మళ్లీ మూసుకుంది.

"యాదికి లేదు అవ్వా."

"అదేంది, పక్కన్నే ఉంటివి గదా?"

"పక్కన్నే ఉన్న. గని... పెండ్లికొడుకు తరఫోళ్లతోని మాట్లాడుతున్న."

"దేని ముచ్చట?"

లింగమూర్తి నేల వంక చూశాడు. "నా ముచ్చటే అవ్వా. వాళ్ల సారె బిందెల మీద పేర్లు నేనే కొట్టిన. గా ముచ్చట చెప్తున్న."

ఐలవ్వ చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఆమె ఆ తర్వాత రెండేళ్లు బతికింది. ఊరి నుంచి ఎవరొచ్చినా, ఆ పాట తెలిసిన మనిషి దొరికాడా అని అడిగేదట. పందిట్లో రెండు వందల మంది ఉన్నారు. లింగమూర్తి వాళ్లలో చాలామంది ఇళ్లకు తిరిగాడు. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ దగ్గరుండే ఒకాయన రెండు లైన్లు చెప్పాడు. ఇంకొకామె ఒక మాట చెప్పింది, అది వేరే పాటలోదేమోనని తనే అనుమానపడింది. దొరికినవన్నీ తీసుకొని ఆయన ఐలవ్వ ఊరికి వెళ్లేసరికి ఆమె పోయి నాలుగు రోజులైంది.

లింగమూర్తి పేర్లు కొట్టడం మానలేదు, అది అన్నం పెట్టే పని. మెట్ల మీద కూర్చొని గిన్నెలకు పేర్లు కొడుతూనే ఉన్నాడు. కోతలు మాత్రం తగ్గాయి. ఎవరైనా కోడిగుడ్డు సంగతి ఎత్తితే, "ఏదో అన్న తియ్," అనేవాడు. సీడీలు నడిచినన్ని రోజులు ఆయన జేబులో మెత్తటి మొన పెన్ను ఒకటి ఉండేది. ఎవరైనా పెళ్లిదో, బారసాలదో సీడీ తెచ్చి పేరు కొట్టమంటే, మిషను పక్కన పెట్టి, మధ్య గాజు ఉంగరంలో చిన్నగా రాసి, ఆరేదాకా ఊదకుండా పట్టుకొని కూర్చునేవాడు. కాగితం అంటించొద్దని, రాసిన వైపును కూడా గోరుతో గీకొద్దని, ఒక్కటే చేయించొద్దు, రెండు చేయించి రెండిళ్లలో పెట్టమని చెప్పేవాడు. కొందరు విసుక్కునేవాళ్లు. ఇప్పుడు సీడీలు తెచ్చేవాళ్లే లేరు. పెళ్లిళ్లు ఫోన్లలోకి వెళ్లిపోయాయి, పిల్లలకు ఆ పళ్లెం ఏమిటో తెలియదు.

పూలమ్మ ఆయన్ను ఇప్పటికీ అన్న అనే పిలుస్తుంది. రాఖీ కడుతుంది. కొత్త గిన్నెలు కొంటే మాత్రం మంచిర్యాలలో కొట్టించుకుంటుంది, దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోరు. ఆమె దగ్గర పాత ప్లేయర్ ఇంకా పనిచేస్తోంది. కార్తీకంలో ఆ రోజు వస్తే సీడీ పెడుతుంది. లింగమూర్తీ శోభా వెళ్లి కూర్చుంటారు. తలంబ్రాలు, ఫొటోలు, చదివింపులు, బంతి. నీలం చొక్కా వీపు బకెట్టుతో నాలుగు విస్తర్ల దాకా నడుస్తుంది. అయిదో విస్తరి దగ్గర అది ఇటు తిరగబోతుంది. ఆ కిర్రు చప్పుడు రాకముందే, ప్రతి ఏడాదీ అదే చోట, పూలమ్మ లేచి స్విచ్చి ఆపేస్తుంది.